తాడుతో వేసిన ‘ర’

నీళ్లు ముంచెత్తిన చోటే మళ్లీ మమ్మల్ని నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం. మాటలు సరిగ్గా రాని పసిపిల్లల నోట కూడా తన పేరు పలికించుకునే దేవునికి మహిమ. ఈ మాట అనకుండా ఏ కబురూ మొదలుపెట్టకూడదని మా నాన్న నేర్పారు. అందుకే నా కబుర్లు ఎంత అల్లరివైనా ఆయన పేరుతోనే మొదలవుతాయి.

ఆ రోజుల్లో, అంటే సునామీ వచ్చిపోయిన కొద్ది నెలలకు, నాకు పన్నెండో తరగతి పాసైన ధీమా ఉండేది, ఉద్యోగం ఉండేది కాదు. నాకు రాని పని లేదని గట్టి నమ్మకం మాత్రం ఉండేది (దేవుడి మీది విశ్వాసం వేరు, ఈ నమ్మకం వేరు అని తెలియడానికి ఇంకొన్నేళ్లు పట్టింది). మా ద్వీపంలో బతు బస్తీ అనే పేటలో మా ప్రార్థన మందిరం వెనక చిన్న గది ఉంది. అక్కడ సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పేదాన్ని. అంతా జంగ్లీఘాట్ రేవు నుంచి చేపల వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలే. తెలుగు గలగలా మాట్లాడతారు, చదువు మాత్రం హిందీలోనే. మా సంఘ పెద్ద ఒకాయనకు ఆ గది మీద కన్నుపడింది. ఆరాధనకు గంట కొట్టేది ఆయనే కాబట్టి అందరం ‘గంట పెద్దయ్య’ అనేవాళ్లం (ఆయన ఎదురుగా కాదు). “పిల్లలకి హిందీ వచ్చు, హిందీ బైబిలూ ఉంది. ఇంక ఈ తెలుగు ఓనమాలు ఎందుకమ్మా? గది ఖాళీ చేస్తే సాయానికొచ్చిన బియ్యం బస్తాలు పెట్టుకుందుం” అన్నారు. నాకు రోషం వచ్చింది. “వచ్చే ఆదివారం మన పిల్లలు సంఘం ముందు ‘రక్షకుడు’లోని ‘ర’ రాస్తారు పెద్దయ్యగారూ. రాయకపోతే గది మీదే” అనేశాను. ఆయన తన గంటలాగే ఊగుతూ నవ్వారు.

పలకలన్నీ నీళ్లలో కొట్టుకుపోయాయి. సిమెంటు నేల మీద సుద్దముక్కతో రాయించాను. అందరూ చక్కని సున్నాలు చుట్టారు. “తలకట్టు ఏదిరా?” అంటే “యే తో జీరో హై, దీదీ” అని, ఇది సున్నాయే కదా అని నాకే పాఠం చెప్పారు. కొందరు తలకట్టు వేశారు కానీ, అది కాకిలా ఎగిరి ఎక్కడో గోడ దగ్గర వాలింది. అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. అక్షరాన్ని నేల మీద పెద్దగా పరిచి, పిల్లల్ని దాని మీద నడిపిస్తే?

దానికి తాడు కావాలి. మా పిల్లల్లో ఒక చిన్నదాన్ని అందరూ ‘పీత’ అనేవారు. అల వచ్చిన రోజు నుంచి అది వాళ్ల మామ్మ చీర కుచ్చెళ్లు వదలలేదు. ఆవిడ ఎటు నడిస్తే అటు పక్కపక్కగా జరిగేది, అందుకే ఆ పేరు. బడికీ మామ్మతోనే వచ్చేది, అంచున కూర్చుని చూసేది, సుద్దముక్క ముట్టేది కాదు. మామ్మను తాడు అడిగితే విరిగిపోయిన డోంగీ లంగరు తాడు తెచ్చి నా ముందు పడేసింది. “పడవే పోయింది. దీనికింక పనేటుంది? పట్టుకుపో. మా పిల్ల నా కొంగొదిలి ఒక్క అక్షరం రాసిందంటే అదే పదివేలు” అంది.

మందిరం ముందు తాడుతో గుండ్రంగా వేశాను. పైన చిన్న ముక్కతో తలకట్టు పెట్టాను. “పిల్లలూ, రైలుబండి! ఒకరి వెనక ఒకరు పట్టుకోండి!” అని అరిచాను. ఎవరూ కదల్లేదు. “రైలు ఎలా ఉంటది దీదీ?” అన్నాడు అందరికంటే పెద్దవాడు. అడిగింది నిజమే. ఈ ద్వీపాల్లో పట్టాలెక్కడివి? (నేనూ ఇక్కడే పుట్టాను. నేనూ రైలును పుస్తకంలో బొమ్మగా చూసినదాన్నే.) “సరే, జహాజ్, ఓడ! చాతం రేవు నుంచి బయల్దేరి గుండ్రంగా తిరిగొస్తుంది. ఆగాక జెట్టీ మీదికి గెంతాలి. ఆ జెట్టీయే తలకట్టు” అన్నాను. అంతే, వారమంతా భోం భోం అని మోతలు. పీత మాత్రం ఒడ్డునే, మామ్మ పక్కనే ఉండిపోయింది.

ఆదివారం వచ్చింది. గంట పెద్దయ్య సుద్దముక్క చేత్తో పట్టుకుని పెద్దవాణ్ణి పిలిచారు. “ఏదీ నాయనా, ర రాయి.” వాడు సుద్దముక్కను చూశాడు, పాటల నంబర్లు రాసే నల్లబల్లను చూశాడు, తర్వాత నేలను చూశాడు. “దీదీ, రస్సీ ఎక్కడ?” అన్నాడు, తాడు కోసం చూస్తూ. సంఘమంతా గొల్లుమంది. వారమంతా నడిపించాను కానీ, సుద్దముక్క మళ్లీ చేతికివ్వాలన్న సంగతే మర్చిపోయాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి, భోం అని కూసి నడక మొదలెట్టాడు. మిగతావాళ్లు వెనక తగులుకున్నారు. చాపల మీద కూర్చున్న పెద్దవాళ్ల చుట్టూ ఓడ తిరిగొచ్చి ఆగిపోయింది. తాడు లేదు కదా, జెట్టీ ఎక్కడుందో వాళ్లకు తెలియలేదు.

“ఏటమ్మా, సున్నా చుట్టేరు కదా” అన్నారు పెద్దయ్య.

“సున్నా కాదు తాతా! అభీ జెట్టీ రాలేదు!”

ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. చీర కుచ్చెళ్లు వదిలి పీత పరుగెత్తుకొచ్చింది. ప్రసంగ వేదిక మెట్టు మీదికి ఒక్క గెంతు గెంతింది. అక్కడితో ఆగలేదు. పెద్దయ్య చేతిలో సుద్దముక్క లాక్కుని, నల్లబల్ల మీద గుండ్రంగా చుట్టింది. పైభాగం అందలేదు. అందక, రెండు కాళ్లతో పైకెగిరి, గాల్లోనే తలకట్టు టిక్కున కొట్టి కిందపడింది. కాస్త వంకరగా ఉంది కానీ, అది ర. మామ్మ నలిగిన కుచ్చెళ్లను అరచేత్తో సాపు చేసుకుంటూ కూర్చుంది. పెద్దయ్య చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నారు. “బస్తాలు మా ఇంటి వరండాలో పెట్టిస్తానులే” అన్నారు.

ఇప్పుడు పీత అవతలి ఒడ్డున బంబూఫ్లాట్‌లో ఉద్యోగం చేస్తోంది. రోజూ చాతంలో ఫెర్రీ ఎక్కుతుంది. ఆదివారాలు అదే గదిలో అదే తాడు పరుస్తుంది. “మోకాళ్లు జాగ్రత్త. మీరు కూర్చోండి దీదీ, నేను గెంతుతాను” అంటుంది. తనకు రాని పని లేదనుకున్న ఆనాటి నేను గుర్తొచ్చి నవ్వుకుంటాను, కూర్చుంటాను.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఒడ్డున ఉండిపోయిన ప్రతి బిడ్డకూ ప్రభువు తన జెట్టీ చూపించాలని. ఆమేన్ అన్నాక, ఎవరూ చూడకపోతే, నా బదులు చిన్న గెంతు కూడా వేయండి. అది తలకట్టు.