టేపుకు జవాబు చెప్పిన పిల్ల

1983లో జనగామలో ప్రాథమిక పాఠశాల టీచర్లకు టేప్ రికార్డర్ వాడకం నేర్పడానికి నన్ను ఐదు రోజులు పంపారు. నాది తెనాలి. ఏ రెండు మీటలు కలిపి నొక్కితే రికార్డవుతుందో, మైకు నోటికి ఎంత దూరంలో ఉండాలో చెప్పడం నా పని. చివరి రోజు టీచర్లు రికార్డు చేసిన పాఠాలను అధికారి విని, నచ్చినవాళ్ల బడికి ఒక యంత్రం ఇస్తారు.

వచ్చినవాళ్లలో తరిగొప్పుల నుంచి లక్ష్మమ్మ టీచర్ ఉన్నారు. యాభై దాటిన మనిషి. మీటలు అందరికంటే ముందు ఆమే నేర్చుకున్నారు. మైకు ముందు మాత్రం "నీరు ఆవిరిగా మారు ప్రక్రియను..." అని పుస్తకంలోది చదువుతూ మధ్యలో ఆగిపోయేవారు.

"మామూలుగా మాట్లాడండి టీచర్ గారూ," అన్నాను మూడోరోజు.

"మామూలుగ మాట్లాడితె మొన్న మీరే నవ్విండ్రు గద సార్." కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే అన్నారు.

నిజమే. మొదటిరోజు ఆమె "మైకు యాడ పెట్టాలె?" అని అడిగితే, "ఎక్కడ పెట్టాలి, అనండి" అని దిద్ది మరీ నవ్వాను. నన్ను చూసి మిగతావాళ్లూ నవ్వారు. ఇప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పు నాదేనమ్మా. ఇప్పుడేం చేద్దామంటారు?"

"నాకు పిల్లలు గావాలె సార్. గోడకు పాఠం చెప్పుడు నాకు రాదు."

శిక్షణ జరుగుతున్న బడిలోనే మూడో తరగతి పిల్లలను పిలిచి ఆమె ముందు కూర్చోబెట్టాం. ఆమే మీటలు నొక్కి మొదలుపెట్టారు. "దండెం మీద తడి చీర ఏసిన. పొద్దుగూకెటాల్లకు ఎండింది. మరి గా నీళ్లు యాడికి పోయినయిరా? ఎవలు తాగిండ్రు?"

"కాకి తాగింది!" అన్నాడొకడు. ఆమె నవ్వు కూడా టేపులోకి ఎక్కింది.

చివరి రోజు అధికారి అది విని, "పాఠం బాగుంది. కానీ ఈ భాష..." అని నసిగారు.

"పక్క గదిలో నాలుగో తరగతి ఉంది. వాళ్లకు వినిపించి చూద్దాం సార్," అన్నాను.

ముందు నేను పుస్తక భాషలో చదివి రికార్డు చేసిన నమూనా పాఠం పెట్టాం. పిల్లలు యంత్రాన్ని చూశారు, కిటికీ చూశారు, ఒకడు ఆవలించాడు. తర్వాత లక్ష్మమ్మగారి పాఠం. "ఎవలు తాగిండ్రు?" అని వినగానే అందరూ ముందుకు జరిగారు. కాకి మాట రాగానే ఒక పిల్ల లేచి నేరుగా యంత్రంతోనే అంది: "టీచరమ్మా, కాకి గాదు, ఎండ! నేను చెప్తున్న గద, ఇనవడ్తలేదా?"

"ఇనవడ్డది బిడ్డా, ఇనవడ్డది!" అన్నారు గుమ్మంలో నిలబడ్డ లక్ష్మమ్మగారు.

అధికారి పడీపడీ నవ్వి, ఆ నవ్వుతోనే ఆమె బడికి యంత్రం ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టారు. ఆమె యంత్రాన్ని బస్సులో ఒడిలో పెట్టుకుని ఊరికి తీసుకెళ్లారు.

అప్పటిదాకా టీచర్లకు యంత్రం నేర్పితే చాలనుకునేవాణ్ణి. ఆ తర్వాత శిక్షణ మహబూబాబాద్‌లో అయినా, భూపాలపల్లిలో అయినా మొదటిరోజు యంత్రం పెట్టె మూత తీయలేదు. టీచర్లు పిల్లలకు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని వినేవాణ్ణి.