బొట్టు పెట్టిన తూటా

ఢిల్లీకి పోతున్నానని గల్లీ అంతా చెప్పి, అందరితోని బొట్టు పెట్టిచ్చుకొని పొద్దుగాల బయలెల్లిన మనిషి, మధ్యాన్నం బువ్వ యాళ్లకు ఎల్బీ నగర్ల బస్సు దిగుడు మీరెప్పుడన్న చూసిన్రా? చూడకుంటే నన్ను చూడుండ్రి. ఆ మనిషిని నేనే!

మా ఆయన మల్లయ్య గన్‌మన్. పోయినేడు దాక దిల్‌సుఖ్‌నగర్ల ఒక బంగారం దుకాణం ముందట డబల్ బ్యారెల్ తుపాకి పట్టుకొని నిలబడేటోడు. తుపాకి ఆయనదే, లైసెన్సు ఆయన పేరు మీదనే. నేను బజారుకు పోయినప్పుడల్ల ఎదురుంగ ఉన్న ఫుట్‌పాత్ మీదికెల్లి చూసుకుంట నడిచేదాన్ని. డ్యూటీల నన్ను చూసి నవ్వడు. మీసం మాత్రం జర కదులుతది. గంతే! గా మీసం కదులుడు చూసేటందుకే నాకు వారం వారం జాకెట్ గుడ్డ అవసరం పడేది.

సెక్యూరిటీ ఏజెన్సోళ్లు ఆయన్ను ఢిల్లీకి పంపిన్రు. బిడ్డ పెండ్లయి పోయింది, ఇంట్ల నేనొక్కదాన్నే. దినాం ఫోన్ చేస్తడు. "తిన్నవా?" అంటడు. "తిన్న. నువ్వు?" అంట. "తిన్న" అంటడు. ఇద్దరం సిగ్గుమనుషులమే. ఇగ ఏం మాట్లాడాల్నో ఇద్దరికీ తెల్వది. పెట్టేయబుద్ధి కాదు. జరసేపు ఆయన రూముల ఫ్యాను సప్పుడు నేను ఇంట, మా ఇంట్ల ఫ్యాను సప్పుడు ఆయన ఇంటడు.

గసొంటి మనిషి మొన్న ఒకదినం, "సెలవు దొరికింది. టికెట్ పంపిన. విమానంల రా" అన్నడు. నేను ఫోను పట్టుకొని అట్లనే కూసున్న. పొయ్యి మీద పప్పు మాడింది.

మా పై పోర్షన్‌ల వరలక్ష్మి గారుంటరు. గుంటూరు దిక్కోళ్లు. ఆమె విమానం ఎక్కిన మనిషి. ముందటి దినం వచ్చి నా బ్యాగు ముందట కూసున్నది.

"వదినగారూ, ఒక్క బ్యాగే పెట్టుకోండి, చేతిలోనే ఉంటుంది. కానీ చూసి సర్దాలి. కత్తెర వద్దు, అగ్గిపెట్టె వద్దు."

"చింతకాయ తొక్కు?"

"అమ్మో! నూనె పచ్చళ్లు చేతి బ్యాగులో అస్సలు వద్దండీ!"

ఆయన ఏడాది సంది నోరు తెరిచి అడిగింది గదొక్కటే. సీసా తీసి అవతల పెట్టిన. పానం ఉసూరుమన్నది.

"ఆ పిన్నీసులు కూడా తీసేయండి. మిషను కుయ్యోమంటే గొడవ!"

తీసేసిన. ఇగ చూడుండ్రి, తెల్లారి ఆటో ఎక్కిన కాడికెల్లి నా కొంగు భుజం మీద నిలబడితే ఒట్టు!

మేము బ్యాగు సర్దుతుండంగనే మా ఆయన ఫోన్ వచ్చింది. స్పీకర్ల పెట్టిన. నాకొక అనుమానం ఉండె, అడిగిన. "నువ్వు పోయిననాడు తుపాకి ఎట్ల తీస్కపోయినవ్? ఒళ్లె పెట్టుకొని కూసున్నవా?"

"ఒళ్లె పెట్టుకుంటే ఎక్కనిస్తరానే? ముందుగాల చెప్పాలె, లైసెన్సు చూపెట్టాలె. ఖాళీ చేసి, పెట్టెల పెట్టి తాళమేస్తే కింద సామాన్ల ఏస్తరు. నేను పైన, అది కింద."

"అయ్యో! గన్‌మన్ పక్కనుంటే మంచిదే గద? దొంగలొస్తే?"

"గాల్ల దొంగలు ఏడికెల్లొస్తరే? తలుపు కొట్టొస్తరా?"

వరలక్ష్మి గారు ఊకోలే. "అలా కాదన్నయ్యగారూ, ఒక్క మంచివాడి దగ్గరైనా తుపాకి ఉంటే అందరికీ ధైర్యం కదండీ?"

"మంచోడని నొసట రాసుంటదా అమ్మా? మంచోని చేతుల ఉన్నదాన్ని ఇంకొకడు గుంజుకుంటడు. చెయ్యి జారుతది, భయానికి పేలుతది. కింద పేలితే మంది ఉరుకుతరు. పైన ఏడికి ఉరుకుతరు? ఎవ్వని కాడ లేకపోవుడే అందరికి కావలి."

ఆయన అంత పొడుగు మాట్లాడుడు నేను లగ్గమైనప్పటి సంది ఇనలే. ఏమన్నడో సగమే మనసుకెక్కింది. గొంతు ఇనుకుంట కూసున్న.

తెల్లారి ఎల్బీ నగర్ల ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కి శంషాబాద్ పోయిన. లోపట చూస్తే ఆడోళ్లందరు పిన్నీసులు పెట్టుకొని ఠీవిగ తిరుగుతున్నరు! నేనొక చేత్తోని కొంగు, ఒక చేత్తోని బ్యాగు. చెకింగ్ కాడ బ్యాగు మిషన్ల ఏసిన. పోయింది. వచ్చింది. మళ్ల పోయింది. ఖాకీ బట్టల మేడం ఒకామె హిందీల అడిగింది, "ఈ బ్యాగు ఎవరిది?"

బ్యాగు తెరిచింది. రెండు చీరలు, గరిజెల డబ్బ, ఆయనకు కొన్న చెద్దరు. కిందికెల్లి నా దేవుని డబ్బ తీసింది. గది లేంది నేను ఏ ఊరికి పోను. పసుపు, కుంకుమ, అక్షింతలు. అడుగున ఒక ఎర్రగుడ్డ. గుడ్డ ఇప్పింది.

ఖాళీ తూటా!

బొటనేలంత ఎర్ర డొల్ల, కింద ఇత్తడి. పసుపు పూసి ఉన్నది. మూడు కుంకుమ బొట్లు. ఒక ఎండిన జమ్మాకు అంటుకొని ఉన్నది.

మేడం దాన్ని చూసింది, నన్ను చూసింది. "యే క్యా హై?"

భయానికి నాకు ఉన్న హిందీ గూడ పాయె. 'మా ఆయనది' అని చెప్పాలె గద? తూటా దిక్కు వేలు చూపెట్టి, "మేరా ఆద్మీ" అన్న!

లైన్ల ఎవరో కిసుక్కుమన్నరు. మేడం నవ్వలే. ఒక తెలుగు సారును పిలిచింది.

సారు అడిగితే చెప్పిన. తుపాకి కొన్న కొత్తల ఊర్ల పరీక్షకు పేల్చిన తూటా డొల్ల అది. దసరానాడు మా ఇంట్ల తుపాకికి పూజ చేస్తం. పోయిన దసరాకు ఆయన లేడు, తుపాకీ లేదు. పండుగపూట ఉత్తగ ఎట్లుంట? సందుగల ఈ డొల్ల దొరికింది. పీట మీద పెట్టి, దానికే బొట్టు పెట్టి, దానికే దండం పెట్టిన. అప్పటిసంది దేవుని డబ్బలనే ఉన్నది. పిన్నీసులు యాదికొచ్చినయిగని, ఇది తుపాకి సామానని నాకు యాదికి రాలే సారూ! నాకది దేవుని సామాను.

వెనుక ఒక టై కట్టుకున్నాయన, "ఖాళీదే కదా సార్, పాపం వదిలేయండి" అన్నడు. ఆయన పక్కన ఆమె గయ్యిమన్నది. "ఇవాళ ఖాళీది వదిలితే రేపు నిండుది తెచ్చి ఖాళీ అనుకున్నానంటారు. అందరం అదే విమానం ఎక్కాలిగా!" ఆమె చెప్పిందే నిజమనిపిచ్చింది. ఏం లాభం, దొరికినదాన్ని నేనే!

సారు మా ఆయనకు ఫోన్ చేసిండు. ఆయన అప్పటికే ఢిల్లీ ఎయిర్‌పోర్టుల ఉన్నడంట. విమానం నేల దిగేటందుకు ఇంక సగం పూట ఉన్నది, ముందే పోయి కూసున్నడు! లైసెన్సు ఫోటో పంపిండు. "వాళ్లు చేసేది కరెక్టే, నువ్వు ఏడువకు" అన్నడు నాకు. మళ్ల, "దానికి బొట్టు పెట్టినవా?" అన్నడు.

"ఊ."

ఫోను సారుకు ఇయ్యమన్నడు.

విచారణ చేసి, నేను చెప్పింది రాసుకొని, సంతకం పెట్టిచ్చుకునేసరికి నా విమానం ఎల్లిపోయింది. డొల్ల వాళ్ల కాడనే ఉంచుకున్నరు. సారు చెప్పిందంత ఇని ఆ మేడం నా కాడికి వచ్చింది. ఏమంటదో అని భయపడ్డ. తన పిన్నీసు తీసి నా కొంగుకు పెట్టి పోయింది.

ఎల్బీ నగర్ల దిగిననా, ఇంటికి పోబుద్ధి కాలే. గల్లీల ఏం మొకం పెట్టుకొని పోవాలె? 'ఢిల్లీ ఎట్లున్నది?' అంటే ఏం చెప్పాలె? మెట్రో కింద బస్టాప్‌ల కూసున్న. ఫోన్ మోగింది. వీడియో కాల్. మా ఆయన! షేవింగు చేసుకున్నడు, ఇస్త్రీ అంగీ తొడిగిండు.

"ఇంక ఆడనే ఉన్నవా?"

"సెలవు పెట్టిన గదనే. రూముకు పోయి ఏం జెయ్యాలె?" అన్నడు. "నీ విమానం దిగిందంట. చూపిస్త ఉండు."

ఫోను తిప్పిండు. పెద్ద తలుపు. మంది పెట్టెలు గుంజుకుంట బయటికొస్తున్నరు. చిన్నపిల్లను ఎత్తుకున్నామె. చేతికర్ర ముసలాయన. ఒకలను చూసి ఒకలు చేతులు ఊపుతున్నరు. నేను బస్సుల హారన్ల నడుమ కండ్లకానిచ్చుకొని చూస్తున్న. అంతల ఒకామె వచ్చింది. తలమీద కొంగు, చేతుల ఒకటే బ్యాగు, బిత్తరబిత్తరగ అటుఇటు చూస్తున్నది. నా చెయ్యి కొంగు మీదికి పోయింది. ఫోను గూడ కదిలింది, ఆడ ఆయన చెయ్యి లేపినట్టున్నది.

"నువ్వు కాదు" అన్నడు మెల్లగ.

"నేను కాదు" అన్న నేను గూడ.

అయినా ఆయన ఫోను దించలే. నేను పెట్టేయలే. ఆఖరి మనిషి దాక చూసినం. ఆయన చూసిండంటే ఏదో ఎదురుచూసుడు అలవాటైన మనిషి అనుకోవచ్చు. ఎల్బీ నగర్ బస్టాప్‌ల కూసొని, ఢిల్లీల నేను దిగుతనేమోనని కండ్లు కాయలు కాసేటట్టు చూసిన నన్నేమనాలె, మీరే చెప్పుండ్రి!