పిడక అంటుకునేదాకా

మా వీధి చివరి షెడ్డులో ఇప్పటికీ అగ్గిపుల్లలకు మందు అద్దుతారు. పొద్దున గాలి అటునుంచి తిరిగితే గంధకం, బంక, తడి చెక్క కలిసిన ఘాటు వాసన కిటికీలోంచి వచ్చి నేను చదువుకుంటున్న పుస్తకం మీద కూర్చుంటుంది. తమిళ దేశంలోని ఈ కోవిల్‌పట్టిలో చాలామందికి అది అన్నం పెట్టే వాసన. నాకు మాత్రం అది మా అవ్వ పొయ్యి చల్లారిన వాసన.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో మేము విళాత్తికుళం దారిలోని ఒక నల్లరేగడి పల్లెలో ఉండేవాళ్ళం. అమ్మ నన్ను కన్న కొన్నాళ్ళకే పోయింది. నాయన విరుదునగరంలో మిరపకాయల మండీలో పనికి కుదిరి పండగకో పబ్బానికో వచ్చిపోయేవాడు. ఇంట్లో మిగిలింది నాయనను కన్న అవ్వ, నేను, ఒక ఎనుము. ఎనుము అంటే గేదె. మాకు తెలుగు నోట్లోనే ఉండేది, చదువంతా తమిళంలో. తెలుగు అక్షరాలు నేను నడివయసులో, లైబ్రరీలో ఎవరో ఇచ్చిపోయిన పాత పుస్తకాల ముందు కూర్చుని, ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను. ఒకనాడు నిఘంటువులో ఈ ఎనుము కనబడితే పుట్టింటి మనిషి ఎదురైనట్టు సంతోషించాను.

మా ఇంటికి బయటినుంచి వచ్చేది తూత్తుకుడి బండ్ల మీది ఉప్పు ఒక్కటేనని అప్పట్లో అనుకునేదాన్ని. సజ్జలు, జొన్నలు మా చేనివే. ఆముదం గింజలను వేయించి, దంచి, నీళ్ళలో మరగబెట్టి, పైకి తేలిన నూనెను అవ్వ గరిటెతో మెల్లగా తీసేది. విత్తనాలకు బూడిద, ఎండు వేపాకు కలిపి కుండలో పోసి మూతికి పేడ మెత్తేది. పత్తి తీశాక గింజ ఎనుముకు, దూది దీపం వత్తులకు, చేలో మిగిలిన కట్టె పొయ్యికి పోయేవి. ఐప్పసి నెల వానలకు నల్లమట్టి కాళ్ళకు చెప్పుల్లా అంటుకుని, గడప దాటలేని రోజుల్లో, పొగ నిండిన వంటింట్లో సజ్జ సంగటి, మజ్జిగ, చితక్కొట్టిన చిన్న ఉల్లిగడ్డ పెట్టుకుని మేమిద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. అవ్వ మాట తక్కువ మనిషి. నాకు ఆడుకునే తోడు లేదు.

కాని మా పొయ్యికి వచ్చేవాళ్ళు ఉండేవారు. పడుకోబోయే ముందు అవ్వ తుమ్మ మొద్దు నిప్పును పొయ్యి మూలకు తోసి, ఎండు పిడక మూసి, మీద బూడిద కప్పేది. వేకువన ఊదుగొట్టంతో ఊదితే బూడిద లేచి అడుగున ఎర్రగా కనబడేది. ఆ పొయ్యి తాను కాపురానికి వచ్చినప్పటినుంచి ఆరలేదని అవ్వ చెప్పుకునేది. వీధిలో ఎవరి నిప్పు ఆరినా మా ఇంటికే రావాలి. దీపం పెట్టాక ఇవ్వకూడదు, పగలు మాత్రం పగవాళ్ళు అడిగినా కాదనకూడదు. వచ్చినవాళ్ళు పిడక ముక్క ఒకటి తెచ్చి మా నిప్పు మీద పెట్టి, అది అంటుకునేదాకా నిలబడాలి. పిడక తొందరగా అంటుకోదు. ఆ కాస్తసేపట్లో ఎవరి ఎద్దు కుంటుతోందో, ఏ కోడలు అలిగి పోయిందో, అన్నీ మా వంటింట్లోకి వచ్చేవి. అవే నాకు ఆట.

రోజూ తప్పకుండా వచ్చేది చిన్నవ్వ. ఆమె అవ్వకు సొంత చెల్లెలు. అక్కాచెల్లెళ్ళు అన్నదమ్ములను కట్టుకుని ఒకే ఇంటికి వచ్చారు. పాళ్ళు పంచుకున్నప్పుడు పెరట్లో గోడ లేచింది. ఎనుము అవ్వకు, దాని దూడ చిన్నవ్వకు వచ్చాయి. దూడ మర్నాడే గోడ దూకి తల్లి దగ్గరికి వచ్చేసింది. ఈడ్చుకుపోయి కట్టేసుకున్నారు గాని, దాన్ని పిలిచింది ఎవరన్న మాట మీద అక్కాచెల్లెళ్ళకు మాటలు పోయాయి. అయినా చిన్నవ్వ నిప్పుకు వచ్చేది. వచ్చి, అవ్వతో కాదు, పెరటి తలుపు పక్కన కట్టేసిన ఎనుముతో మాట్లాడేది.

“ఏమే ఎనుమా, మీ ఇంట్లో అగ్గి ఉండాదా? ఊరి దూడలను పిలుచుకునే వేడుకలో అదీ ఆర్పేసినారా?”

అవ్వ కూడా ఎనుముకే చెప్పేది. “ఉండాదని చెప్పవే ఎనుమా. దూడను కట్టేసుకోను చేతగానోళ్ళు అగ్గిని ఎట్ల దాస్తారు? సుమ్మా ఊరికే నిలబడకుండా ఎత్తుకోమను.”

అంటూనే అవ్వ ఆమె పిడకను ఎర్రటి నిప్పు మీదనుంచి బూడిద వైపుకు కొంచెం జరిపేది. చిన్నవ్వ తెచ్చే పిడకా ఎప్పుడూ సరిగా ఎండనిదే. ఇద్దరూ ఒకే తల్లి పొయ్యి దగ్గర నిప్పు దాచడం నేర్చుకున్నవాళ్ళు. చిన్నవ్వ నిప్పు మాత్రం రోజూ ఆరిపోయేది. కార్తీక దీపాల నాడయితే తాటాకులో ఉడికించిన కొళుకట్టలు, అవే బెల్లపు కుడుములు, నా ఒళ్ళో వేసి, “పాపకు, ఇంకెవరికీ కాదు” అని ఎనుముకు వినబడేలా చెప్పి, ఆ రోజు ఇంకాస్త పచ్చి పిడక తెచ్చేది.

మరుసటి ఏడు చిన్నవ్వ కొడుకు కోవిల్‌పట్టిలో అగ్గిపుల్లల పనికి చేరి, ఇంటికి అగ్గిపెట్టెలు తేవడం మొదలుపెట్టాడు. తర్వాత వీధిలో తక్కినవాళ్ళూ కొన్నారు. ఒక్కొక్కరే రావడం మానుకున్నారు. చివరికి చిన్నవ్వా మానుకుంది. అవ్వ మాత్రం వేకువనే నిప్పు రాజేసి, పొయ్యి పక్కన పిడక పెట్టేంత చోటు ఊడ్చి ఉంచి, పెరటి తలుపు వైపు చూస్తూ కూర్చునేది. సంగటి దించాక కూడా కట్టె తోస్తూనే ఉండేది. ఎనుముతో మాట్లాడేవాళ్ళు లేరు.

పత్తి తీసే రోజుల్లో ఒక ఉదయం అవ్వ చెంబుడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో పోసింది. బుస్సుమని లేచిన బూడిద నా కళ్ళలో పడింది. నాకు భయమేసింది. అవ్వ పిడక ముక్క ఒకటి తీసుకుని, నా చెయ్యి పట్టుకుని, గోడ చుట్టూ తిరిగి చిన్నవ్వ వాకిట్లోకి నడిచింది. అక్కడ కట్టేసి ఉన్న దూడ తల్లి ఎత్తుకు ఎదిగింది. అవ్వ దానివైపు తిరిగింది.

“ఏమే, మీ ఇంట్లో అగ్గి ఉండాదా?”

చిన్నవ్వ బయటికి పరిగెత్తుకొచ్చింది. “అక్కా! నీ పొయ్యి ఆరిపోయిందా?”

ఎన్నేళ్ళకో నేరుగా పడిన మాట అది. అవ్వ తల ఊపింది, చేతిలోని పిడక చూపింది.

“నా పొయ్యిలో ఏముండాది, పని కాగానే ఆర్పేస్తా ఉండా,” అని చిన్నవ్వ లోపలికి పోయి కొత్త అగ్గిపెట్టె తెచ్చి, అవ్వ అరచేతిలో పెట్టి, వేళ్ళు తానే మూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు. “ఎత్తుకోని పో అక్కా. అయిపోతే మావాణ్ణి ఇంకోటి గోడ మీద పెట్టమంటా. ఈ వయసులో నువ్వు అగ్గికని ఒకరి గడప తొక్కొద్దు.”

అవ్వ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. పిడక పిడకలాగే తిరిగి వచ్చింది. ఇంట్లో మొదటి పుల్ల విరిగింది, రెండోది గీయగానే మండింది, పత్తికట్టె భగ్గుమంది. అవ్వ పుల్ల వేలిదాకా కాలేవరకు దాన్నే చూస్తూ ఉండిపోయి, “ఇంతేనా పాపా?” అంది.

చిన్నవ్వ మాట తప్పలేదు. గోడ మీద అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేది. ఇద్దరి మధ్యా తగవు లేదు, పలకరింపూ లేదు.

మనిషి నిప్పు పుట్టించడం నేర్చిన కథ నేను లైబ్రరీలో చాలా పుస్తకాల్లో చదివాను. ఆ పొయ్యిల పొగకు చూపు చెడిన ఆడవాళ్ళను ఎరిగినదాన్ని, పాతది తిరిగి రావాలనీ అనను. అయితే నిప్పు అడగడానికి పోవడం గురించి ఏ పుస్తకంలోనూ కనబడలేదు. నిన్న దీపాలవేళ మా వీధిలో కరెంటు పోయింది. పక్కింట్లోకి కొత్తగా వచ్చినావిడ తన గదిలో కొవ్వొత్తి వెలిగించుకుంది. నేను నా గదిలో వెలిగించుకున్నాను. కిటికీలోంచి ఆమె నీడ గోడ మీద అటూఇటూ కదలడం కనిపించింది. పేరేమిటో ఇంకా అడగలేదు. కాసేపటికి కరెంటు వచ్చింది. ఇద్దరం ఆర్పేసుకున్నాం.