ఇప్పపువ్వు చక్కెర కాదనుకున్నాను

గ్రానోలా అనే మాట మా ఇంటికి కోడలు తెచ్చింది. ఓట్స్, పల్లీలు, గింజలు వేయించి కలిపి పొద్దున పాలలో వేసుకుని తినేదట. మా ఆయనకు షుగర్ పెరిగిందని ఒక డబ్బా కొనుక్కొచ్చింది. నేను చదివింది మూడో తరగతి వరకే, డబ్బా మీది ఇంగ్లీషు నాకు రాదు. చదవమన్నాను. ఓట్స్, బాదం, ఆ తర్వాత చక్కెర, తేనె, ఇంకేదో పాకం అని చదువుతుంటే చాలన్నాను. షుగర్ మనిషికి చక్కెర కలిపిన తిండి కొనుక్కురావడం ఎందుకు? నేనే చేస్తానన్నాను.

చేయక తప్పని పని కూడా. నెల రోజుల్లో షుగర్ దిగకపోతే రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిందేనని మంచిర్యాల దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఏళ్లకేళ్లు బొగ్గు బావిలో దిగిన మనిషి, సూది పేరెత్తితే ముఖం గోడవైపు తిప్పుకుంటాడు.

బతుకమ్మకు సత్తుపిండి చేసీ చేసీ వేయించడం నా చేతికి అలవాటే. ఓట్స్, జొన్న అటుకులు, పల్లీలు, నువ్వులు, అవిసెలు దేనికది ఇనుప మూకుడులో సన్నమంట మీద వేయించాను. గుమ్మడికాయ కోస్తే గింజలు పారేయను, కడిగి ఎండబెట్టి దాస్తాను. అవీ వేశాను. బాగా చల్లారాకే డబ్బాలో పోశాను, లేకుంటే మెత్తబడుతుంది.

ఆయన ఒక చెంచా తిని గిన్నె పక్కకు జరిపాడు.

"ఇగ గుంజకు కట్టేయ్ నన్ను. బర్రె దాణా పెడుతున్నవ్, పొద్దుమీకి పాలు గూడ పిండుకో."

రెండు రోజులు పాలు మాత్రం తాగి మిగతాది వదిలేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆదిలాబాద్ దిక్కు ఉండే మా చెల్లె పంపిన ఎండు ఇప్పపువ్వు. అక్కడ చెట్టు కింద రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి లడ్డూలు చేస్తారు. పువ్వే కదా, చక్కెర కాదు కదా అనుకున్నాను. దోరగా వేయించి, దంచి, రెండు గుప్పెళ్లు కలిపాను. మర్నాడు ఆయన గిన్నె ఊడ్చి మళ్లీ అడిగాడు. వారమంతా రోజూ రెండు గిన్నెలు. నేను లోపల మురిసిపోయాను.

వారం తర్వాత కోడలు పరగడుపున ఆయన వేలు గుచ్చి మిషన్‌లో చూస్తే, షుగర్ దిగకపోగా ఇంకా ఎక్కింది. ఆమె డబ్బాలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుని నావైపు చూసింది.

"అత్తమ్మా, గిండ్ల ఏమేసినవ్?"

"చక్కెర ఎయ్యలే, బెల్లం ఎయ్యలే. ఇప్పపువ్వేసిన."

"పువ్వైతేంది అత్తమ్మా, గంత తియ్యగున్నది. గా తీపంత మామ నెత్తుట్లకే పాయె."

ముందు నాకు కోపం వచ్చింది, సిగ్గు తర్వాత. వాకిట్లోంచి ఆయన ఏమైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు కోడలే జవాబిచ్చింది.

"తప్పు నాదే మామా. రోజుకు ఒక్క గిన్నెనే అని అత్తమ్మకు చెప్పలే."

కూరలో ఉప్పు ఎక్కువైందని, నూనె ఒలకబోసిందని ఆ పిల్లను నలుగురిలో ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తుంది. అనడానికి ఆమెకు దొరికిన రోజు అది. అనలేదు.

చేసింది పారేయబుద్ధి కాక, ముద్దలు కట్టి పక్కింటి పిల్లలకు పంచాను. మళ్లీ ఇద్దరం కలిసి చేశాం. తీపికి బదులు దాల్చినచెక్క పొడి, వేయించిన ఎండుకొబ్బరి, చిటికెడు ఉప్పు. నువ్వులు ఇంకాస్త వేగనీయమంది కోడలు, వేగనిచ్చాను. వంటింట్లో ఇంకొకరి మాట నేను వినడం అదే మొదలు. ఆయన మూతి ముడుచుకునే తిన్నాడు, కానీ రోజూ తిన్నాడు.

నెల నిండాక దవాఖానకు పోతే, సూది ఇప్పుడే అక్కర్లేదన్నారు. మందుగోళీలా, నడకా, ఈ గిన్నెనా, దేనితో దిగిందో డాక్టరుకే తెలియాలి. బయటికొచ్చాక ఆయన, ఆ బర్రె దాణా ఇంకా ఉందా అని అడిగాడు.

ఇంటికొచ్చి మిగిలిన ఇప్పపువ్వు సంచి కోడలి చేతిలో పెట్టాను, నువ్వే దాచమని. ఇన్నేళ్లలో ఇంటి సరుకు ఏదీ నేను ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. ఆమె సంచి తీసుకుని పై అరలో, నా చెయ్యి అందని చోట పెట్టింది.