ఉయ్యాలెక్కిన పాటపెట్టె

మా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంట్లో పాటలు గంతులేసేవి... నిజంగానే! పల్లవి అందుకునేలోపు మా నాయన మగ్గం మీద 'దబ్' అని ఒక్క దెబ్బ కొట్టేవాడు. పాటపెట్టె ముల్లు ఎగిరి రెండో చరణంలో పడేది.

మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని నాయన నేస్తుంటే ఇంట్లో బండలన్నీ అదిరేవి. గూట్లో మంచినీళ్ల చెంబు కూడా డాన్సు చేసేది.

ఆ పాటపెట్టె... అదే, రికార్డు ప్లేయరు... మాది కాదు. ఆదోని ఖాదర్ మామది. పెళ్లిళ్లకు మైకుసెట్లు కట్టే మనిషి. క్యాసెట్లు రాగానే పెట్టెనూ, పాటల ప్లేట్లనూ తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. వైరు రేడియో వెనక గుచ్చితే పాట రేడియోలోంచి వచ్చేది.

నాయనకు పాటంటే ప్రాణం. కానీ పాట వినాలంటే మగ్గం ఆపాలి... మగ్గం ఆపితే పొయ్యి ఆగుతుంది. నేస్తూ నేస్తూ ఒక్క పాటైనా చివరిదాకా వినాలని ఆయన ఆశ. పాపం, అంతకంటే పెద్ద కోరికలు ఆయనకు లేవు.

ఓ రోజు మామ మా ఇంట్లో ఉండగానే ముల్లు దుంకి ప్లేటు 'కర్ర్'మంది. మామ గుండె పట్టుకున్నాడు.

"అరె, ఏం బావా ఇది! నా ప్లేట్లన్నీ ఖరాబు చేస్తాండావు. ఆదోనిలో ఒగాయన ఈ పెట్టెను అడుగుతాండాడు. ఇచ్చేస్తా పో."

నాయన తల వంచుకుని తెగిన పోగు ముడేసుకుంటున్నాడు. నాకే నోరు ఊరుకోలేదు.

"మామా, మగ్గం ఆడతాండంగానే పాట దుంకకుండా కొసదాకా పాడితే?"

మామ పగలబడి నవ్వాడు. "అట్ల పాడిస్తే పెట్టె మీదే పో! ఉరుకుంద తిరునాళ్లలో మైకు కట్టేది ఉండాది. తిరిగొచ్చేటప్పుడు ఈడ దిగుతా. ఒక్కసారి దుంకిందో... సంకలో పెట్టుకోని పోతా!"

ఇంక చూడండి నా హడావుడి... బడికి అప్పటికే టాటా చెప్పేశాను కాబట్టి పగలంతా నాదే.

మొదట ముల్లు తల మీద పావలా బిళ్ల పెట్టాను. దుంకడం తగ్గింది గానీ ప్లేటును దున్నడం మొదలెట్టింది. అమ్మ చూసి, "ఏందిరా, పాటను తొక్కి పట్టి పాడిస్తాండావా?" అంది. బిళ్ల తీసేశాను.

తర్వాత పెట్టె కింద సైకిలు ట్యూబు ముక్కలు పెట్టాను. బ్రహ్మాండంగా పాడింది... నాయన నేయనంతసేపు! ఆ తర్వాత దూది. పత్తి పండే ఆదోని పక్కన ఉండి దూదికి కొదవా? కానీ పెట్టె ఓ పక్కకు ఒరిగి, ముల్లు సర్రున జారి ప్లేటు మధ్యలో కూర్చుంది.

నేల మీద ఎక్కడ పెట్టినా అదురే. అదురు తగలనిది ఈ ఇంట్లో ఏముందిరా అని చుట్టూ చూశాను. అంత దబదబలోనూ హాయిగా నిద్రపోతున్నవాడు ఒక్కడే... మా తమ్ముడు. దూలానికి వేలాడే చెక్క ఉయ్యాలలో!

అంతే... వాణ్ణి తీసి అమ్మ ఒళ్లో పడేశాను. వాడు ఒకటే ఏడుపు. ఉయ్యాలలో ట్యూబు ముక్కలు, వాటి మీద పాటపెట్టె. ప్లేటు తిప్పాను, ముల్లు ఇంకా దించనే లేదు, వీధిలో మామ దగ్గు వినిపించింది! అమ్మ పిల్లాణ్ణి ఎత్తుకుని పెరట్లోకి పోయింది. నేను ఉయ్యాల మీద చీర కప్పేశాను.

"ష్... మామా! తమ్మునికి జ్వరం. ఇప్పుడే పండుకున్యాడు."

పాపం మామ... చెప్పులు వదిలి, మునివేళ్ల మీద నడిచి వచ్చి, "మా అప్ప కదా... మా బంగారు కదా..." అంటూ చీర ఎత్తాడు. లోపల నల్లటి ప్లేటు గిర్రున తిరుగుతోంది! ఆ మొహం ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటాను.

ముల్లు దించాను. నాయన భయం భయంగా మెల్లగా ఓ దెబ్బ వేశాడు.

"అట్ల కాదు బావా! నేసేటట్ల కొట్టు!" అన్నాడు మామ.

నాయన పళ్లు బిగించి కొట్టాడు. దబ్... దబ్... దబ్! బండలు అదిరాయి, చెంబు ఆడింది. ముల్లు మాత్రం కదల్లేదు! పల్లవి అయింది, రెండు చరణాలూ అయ్యాయి... నాయన నేస్తూనే రేడియో వైపు చూసి గట్టిగా అరిచాడు.

"ఓర్నీ! ఈ పాటకు మూడో చరణం గూడా ఉండాదా!"

పాట పూర్తయ్యాక మామ చేతులెత్తేశాడు. "గెలిసినావు పోరా. పెట్టె మీదే. మరి ఆ బుడ్డోన్ని యాడ పండబెడతారు?"

పెరట్లోంచి అమ్మ కేక... "నీ మైకుసెట్టుకు తీసుకోని పో అన్నా! వీడు దానికంటే గట్టిగ అరుస్తాండాడు!"

ఇన్నేళ్లకు మొన్న ఆ పెట్టెను అటక మీంచి మళ్లీ దించాం... నేనూ, ఉయ్యాల పోగొట్టుకున్న ఆ వీరుడూ. ఫోన్‌లో వెతికి కొత్త ముల్లు, కొత్త బెల్టు, ప్లేటు కింద వేసే మెత్తటి చాప తెప్పించాం. అదురు తగలకుండా పెట్టె కింద పెట్టే రబ్బరు కాళ్లు కూడా! అబ్బబ్బ... ఏం పలికిందండీ! పాడే ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. తబలా మీద వేళ్లు కనిపించినట్టే ఉంది!

కాళ్లు గట్టివో కాదో చూడాలిగా. "దుంకురా" అన్నాను తమ్ముడితో. వాడి ఒళ్లు మీరు చూడలేదు... దుంకితే కిటికీలు గలగలమన్నాయి. ముల్లు కదల్లేదు!

"నన్ను కింద పడేసి దీన్ని ఉయ్యాలెక్కిస్తివి. ఇప్పుడు దీనికి కాళ్లు గూడా కొనిస్తివి. నాకేం కొనిచ్చినావు అన్నా?" అన్నాడు వాడు.

నవ్వుతుండగానే మూడో చరణం వచ్చింది... కాస్తయినా గరగర లేకుండా, తేటగా. చూస్తే నా కాలు దానంతటదే నేలను తడుతోంది... దబ్, దబ్ అని. ఆ కాలి కిందే ఒకప్పుడు నాయన మగ్గం గుంత. పూడ్చి టైల్స్ వేసి ఏళ్లయింది. అదురును ఆపే కాళ్లు ఇప్పుడు దొరికాయి... అదిరించే చెయ్యే లేదు.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక వస్తువు ఎవరి చోటో కాజేసే ఉంటుంది... కింద రాయండి. మా తమ్ముడికి చదివి వినిపిస్తాను, కాస్త ఓదార్పుగా ఉంటుంది.