గేటు బయటే చెప్పాల్సిన వార్త

ఉపోద్ఘాతం లేకుండా, గేటు బయటే నిలబడి చెప్పేస్తున్నాను: బందరులో మా ఎదురింటి అత్తయ్య పోయింది. పోయిన ఆదివారం చర్చికి తయారై కుర్చీలో కూర్చుంది, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు డాక్టరు. వార్త ఏదైనా సరే, మనిషి గుమ్మం ఎక్కకముందే వినపడాలన్నది ఆమె పెట్టిన రూలు. అందుకే నాకీ తొందర.

ఆ రూలు యుద్ధం రోజుల్లో పుట్టింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, నాకు బావ వరస, సరిహద్దులో మిలటరీ లారీ నడుపుతాడు. అక్కడ కాల్పులు మొదలయ్యాక అతని ఫోను కలవలేదు. అప్పట్నుంచి అత్తయ్యకి గేటు గడియ చప్పుడైతే చాలు, ప్రాణం పోయేది. ఎవరో వస్తారు, నెమ్మదిగా మాట్లాడతారు, ధైర్యంగా ఉండమంటారు. అదీ ఆమె భయం. "ఎవరొచ్చినా రోడ్డు మీంచే అరవండి. ఎందుకొచ్చారో కూడా అరవండి," అని వీధి వీధంతటికీ చెప్పింది. పాలవాడు అరిచాడు. గ్యాసు అబ్బాయి అరిచాడు. పాస్టరుగారైతే ప్రసంగం గొంతుతో, "ప్రార్థనకే వచ్చానమ్మా, ఇంకేమీ లేదు!" అని అరిచారు.

నేను బీటెక్ చదివినవాణ్ణి కనుక నా ప్రకటన మరికాస్త పద్ధతిగా ఉండేది. "ఎదురింటి అల్లుణ్ణి! చేతిలో గోంగూర పచ్చడి! మొహంలో చెడ్డ వార్తేమీ లేదు!"

"నీ మొహమే ఓ చెడ్డ వార్త కదరా, లోపలికి తగలడు," అని నవ్వేది. ఆ నవ్వు మధ్యలోనే చూపు ఫోను మీదకి పోయేది. రింగు గట్టిగా వినపడాలని దాన్ని ఖాళీ స్టీలు గిన్నెలో పెట్టుకునేది. "మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. మళ్ళీ దీనికి రీచార్జి కూడా నేనే చేయించాలి," అనేది.

ఊరు కూడా ఏదోలా అయిపోయింది. సముద్రం మీద ఏ వెలుగు కనబడినా డ్రోనేనని వాట్సాప్‌లో గోల. కిరాణా కొట్లో కొవ్వొత్తులు అయిపోయాయి. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు "ఎంతమంది పోయారంట?" అని స్కోరు అడిగినట్టు అడుగుతుంటే, పంచదార కోసం వెళ్తున్న అత్తయ్య ఆగింది. "ఈ ఆటలో అవుటైనవాడు ఇంటికొస్తాడా నాయనా?" అంది.

ఓ మధ్యాహ్నం ఖాకీ బట్టల్లో ఒకాయన మోటార్ సైకిల్ దిగి, ఏమీ అరవకుండా గేటు తీశాడు. మా వరండాలోంచి నేను చూస్తూనే ఉన్నాను. వీధిలో జోకులన్నీ నా దగ్గరే ఉంటాయని పేరు. అప్పుడు ఒక్కటీ లేదు. అత్తయ్య మెట్టు మీద కూలబడింది. అతను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బాబూ. ముందు మంచినీళ్ళు తాగు. తాగేదాకా చెప్పకు."

గోడ పట్టుకుని లేచి, లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళూ గ్లాసూ తెచ్చింది. అతను తాగాడు. "ఇంకో గ్లాసు," అంది చెంబు వంచుతూ. అదీ తాగాడు. "ఎండన పడి వచ్చావు, ఇంకొంచెం..."

"పొట్ట పగిలిపోద్దమ్మా," అన్నాడు పాపం. "నేను హోంగార్డునండి. సాయంత్రం సైరన్ మోగితే లైట్లు తీసెయ్యమని చెప్పడానికొచ్చాను. ప్రాక్టీసేనండి, నిజం కాదు."

అత్తయ్య అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తర్వాత అన్నం పెట్టి పంపింది. అంత భయంలోనూ ఎదుటివాడి ఆకలి కనిపెట్టొచ్చని నాకు ఆవిడ దగ్గరే తెలిసింది. "ఆ నీళ్ళు అయ్యేదాకా మావాడు బతికే ఉన్నాడ్రా. అంతకంటే నేనేం చెయ్యగలను?" అంది నాతో.

యుద్ధం ఆగింది. బావ ఫోను చేశాడు, సెలవు మీద వచ్చి పీతల కూర తిని వెళ్ళాడు. ఇప్పుడు మళ్ళీ వచ్చి, తల్లి సమాధి మీద మట్టి వేసి, సరిహద్దుకే వెళ్ళిపోయాడు. అతని కోసం భయపడటానికి ఆ ఇంట్లో ఇక ఎవరూ లేరు. ఆ భయపడే ఉద్యోగం ఖాళీ అయిందనుకున్నాను. కాలేదు.

నిన్న టీవీలో మళ్ళీ కాల్పులన్నారు. మా అమ్మకి చదువు అంతంతమాత్రం. వార్తలవాడి కేకలకి బెదిరి సౌండు తీసేసి, తెరకి ఆనుకున్నట్టు నిలబడి, కింద పరిగెత్తే అక్షరాల్ని వేలితో పట్టుకుంటూ చదువుతోంది. ఒక మాట కూడబలుక్కునేలోపు రెండు జారిపోతున్నాయి.

"ఏం రాశాడ్రా? మనవాడి ఊసేం లేదుగా?" అంది, వేలు తియ్యకుండానే.