షాకు ఇంకో గడి

నిన్న సాయంత్రం ఈ అరబ్బు దేశంలో, అల్ ఘర్రాఫాలోని మా ఇంట్లో మా అమ్మాయి బడి పని ముందేసుకుని కూర్చుంది. ఒక ఇంగ్లీషు మాట అర్థం, పుట్టుక, వాడుక చెప్పాలట. "డాడీ, చెక్‌మేట్ అంటే ఓడిపోవడమే కదా?" అంది. అవునని తల ఊపబోయి ఆగిపోయాను. "ఆ మాట అంత తేలిగ్గా అనకమ్మా" అన్నాను. ఇంత వయసొచ్చి ఒక మాటకు భయపడతావా అని అది ఒకటే నవ్వు. నవ్వనీ, దానికేం తెలుసు.

లుసైల్‌లో టవర్లు లేస్తున్న రోజుల్లో నేను అక్కడి కూలీల క్యాంప్‌లో ఉండేవాణ్ణి. మా గదికి పెద్దదిక్కు నిజామాబాద్ చాచా. డ్యూటీ దిగి స్నానమైతే చాలు, చదరంగం పరిచేవాడు. చెక్‌మేట్ అసలు ఇంగ్లీషు మాట కాదని, ఫార్సీ వాళ్ల 'షా మాత్' దేశాలు తిరిగీ తిరిగీ అలా అయిందని ఆయనే చెప్పాడు. షా అంటే రాజు. మాత్ అంటే చచ్చిపోవడమని మా ఈజిప్టు ఫోర్‌మన్ వాదించేవాడు. వాళ్ల అరబ్బీలో అంతే మరి. చాచా ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. "చచ్చుడు కాదు బేటా, దారి బందయి నిలబడుడు" అనేవాడు. మా గదిలో దానికో కట్టుబాటు ఉండేది. గెలిచినవాడు ఆ మాట అనకూడదు. ఓడినవాడే అన్ని గడులూ చూసుకుని, తన నోటితో 'మాత్' అని, లేచి అందరికీ చాయ్ పెట్టాలి. ఎక్కువగా పెట్టింది నేనే లెండి.

ఒక మధ్యాహ్నం టవర్ పైన పనిలో ఉండగా దుమ్ముగాలి లేచింది. సైరన్ మోగి అందరూ దిగిపోయారు. చాచా, నేను మాత్రం పైన మరిచిన అన్నం డబ్బాల కోసం మళ్లీ లిఫ్టెక్కాం. ఆకలి అంత పాడుది. గోడ బయట బిగించిన జాలీ లిఫ్టు అది. సగంలో కరెంటు పోయింది. కింద నేల లేదు, పైన ఆకాశం లేదు, అంతా పసుపు దుమ్ము. లిఫ్టు ఊగుతుంటే నా పైప్రాణాలు పైనే పోయాయి. పక్కన పరంజా గొట్టాలు చేతికందేలా కనిపించాయి. వాటి మీదికి దూకేద్దామని లిఫ్టు తలుపు గొళ్లెం మీద చెయ్యేశాను. "మాత్, చాచా" అన్నాను, ఏడుస్తూ.

ఆయన నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు. "ఏయ్, ఎవడన్నడు మాత్ అని? అన్ని గడులు చూసినవా? షాకు ఇంకో గడి ఉన్నది, నాకు కనబడుతున్నది. కూసో!"

ఆ గొంతులో ధీమాకు కూర్చుండిపోయాను. ఏ గడి చాచా అని నేను అడుగుతూనే ఉన్నాను, "చెప్త, చెప్త, ముందు గొళ్లెం ఇడువు" అని ఆయన అంటూనే ఉన్నాడు. అంతలో పెద్ద గాలి కొట్టి, నేను దూకుదామనుకున్న పరంజా ఊడి ఆ దుమ్ములో పడిపోయింది. చాలాసేపటికి కరెంటు వచ్చి లిఫ్టు కిందికి కదిలింది.

నేల మీద కాలు పెట్టగానే చాచా ఇసుకలో కూలబడ్డాడు. నీళ్ల సీసా మూత తీయబోయి, తీయలేక నా వైపు చాపాడు. నేనే తీసిచ్చి, ఆ గడి ఏదో ఇప్పుడైనా చెప్పమన్నాను.

"ఏడున్నది గడి? నాకేం కనబడలే బేటా. నాకూ పానం పోయినట్టే అయింది. ఉత్తగనే అన్న."

ఆ తర్వాత నాకు పెళ్లయింది, బిడ్డ పుట్టింది, తల నెరిసింది. ఇన్నేళ్లూ నేను బతికింది ఆ లేని గడిలోనే.